3 డ్రా బెండ్ దగ్గర ఇరుక్కుపోయిన బ్లూస్ స్కేల్... ఎవరైనా గట్టెక్కించండి

సి_కీ_కుర్రాడు
పది రంధ్రాల డయాటోనిక్ మౌత్ ఆర్గాన్, సి కీ. దాని మీద జి బ్లూస్ స్కేల్ (అమెరికా నల్లవాళ్ల బ్లూస్ పాటల స్వరవరస) నేర్చుకుంటున్నా. ట్యాబ్ ఇదీ (అంకె రంధ్రం నంబర్, డ్రా అంటే పీల్చడం, బ్లో అంటే ఊదడం, బెండ్ అంటే స్వరాన్ని కిందికి ఒంచడం): 2 డ్రా, 3 డ్రా బెండ్, 4 బ్లో, 4 డ్రా బెండ్, 4 డ్రా, 5 డ్రా, 6 బ్లో. చూడ్డానికి ఏడంటే ఏడు స్వరాలు. 4 డ్రా బెండ్ ఎలాగో ఒకలా పలుకుతోంది. 3 డ్రా దగ్గరికి వచ్చేసరికి ప్రాణం పోతోంది. అయితే మామూలు బి వస్తుంది, లేదంటే సర్రున జారి ఎక్కడో అడుగున పడుతుంది. మధ్యలో ఉన్న బి ఫ్లాట్ (బి కన్నా అర మెట్టు కింది స్వరం) మీద నిలబడదు. దీనికి తోడు 2 డ్రా కూడా గొంతు పట్టేసినట్టు మూలుగుతుంది. పీసే డిఫెక్టా? కొన్నచోట అడిగితే "నోట్లో పెట్టుకున్నది వెనక్కి తీసుకోం" అన్నారు. వీడియోల్లో అందరూ నాలుక వెనక్కి లాగమంటారు. ఎంత వెనక్కి లాగాలి, మింగేయాలా?

పాతరీడు
డిఫెక్ట్ కాదు. 2 డ్రా పాడైపోయిందని అనుకోకుండా మౌత్ ఆర్గాన్ నేర్చుకున్నవాడు నాకింకా తగల్లేదు. దవడ వదులు చేసి, ఆవలించబోయేటప్పుడు గొంతు ఎలా తెరుచుకుంటుందో అలా ఉంచి, మెల్లగా గాలి తీసుకో. శుభ్రంగా పలికితే రీడ్ (లోపల మోగే రేకు) బాగున్నట్టే. నువ్వు తెలియకుండానే దాన్ని సగం బెండ్ చేస్తున్నావు, అందుకే ఆ మూలుగు.

రాత్రిపూట_రాంబాబు
మింగేసినా పర్లేదు, అప్పుడు 3 డ్రా కడుపులోంచి వస్తుంది.

బెజవాడ_హార్ప్
ముక్కు చూసుకో తమ్ముడూ. సగం మందికి బెండ్ రాకపోవడానికి కారణం ముక్కులోంచి గాలి లీకవడం. ఒకసారి వేళ్లతో ముక్కు మూసి లాగు. అప్పుడు వచ్చి, వదిలితే రాకపోతే నీ రోగం అదే.

సి_కీ_కుర్రాడు
@బెజవాడ_హార్ప్ ముక్కు మూసినా అంతే. బి, లేదంటే పాతాళం.

పాతరీడు
అయితే ముక్కు కాదు. అసలు సంగతి చెప్తా, కాస్త ఓపికగా చదువు.

ఒక్కో రంధ్రంలో రెండు రీడ్లుంటాయి, ఒకటి ఊదితే పలికేది, ఒకటి పీలిస్తే పలికేది. నీ సి హార్ప్‌లో (మౌత్ ఆర్గాన్‌నే హార్ప్ అంటాం) 4వ రంధ్రంలో బ్లో సి, డ్రా డి. ఈ రెండింటి మధ్య ఉన్నది ఒకే ఒక్క స్వరం, డి ఫ్లాట్. అంటే 4 డ్రాని నువ్వు ఎంత కిందికి లాగినా డి ఫ్లాట్ దగ్గర గోడ తగులుతుంది, అక్కడే ఆగుతుంది. అందుకే అది నీకు సులువుగా వచ్చేసింది.

3వ రంధ్రం అలా కాదు. బ్లో జి, డ్రా బి. మధ్యలో మూడు స్వరాలు: బి ఫ్లాట్, ఎ, ఎ ఫ్లాట్. గోడ ఉన్నది ఎ ఫ్లాట్ దగ్గర. నీకు కావలసింది మొదటి మెట్టు, బి ఫ్లాట్. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒంపు మొదలవగానే రీడ్ అడుగు దాకా పోవాలని చూస్తుంది. నువ్వు పాతాళం అంటున్నది ఆ ఎ ఫ్లాటే.

ఇంకో తమాషా, బాగా కిందికి బెండ్ చేసినప్పుడు ఎక్కువగా మోగుతున్నది డ్రా రీడ్ కాదు, అదే రంధ్రంలో ఉన్న బ్లో రీడ్. కవర్ ప్లేట్ విప్పి, డ్రా రీడ్‌ని వేలి కొసతో అదిమిపెట్టి పీల్చి చూస్తే తెలుస్తుంది. రీడ్ని మాత్రం వంచకు, ఇత్తడి.

నల్లకుంట_నాని
ఇన్నేళ్లుగా వాయిస్తున్నా ఈ బ్లో రీడ్ సంగతి తెలీదు నాకు. కవర్ విప్పడానికి పోతున్నా.

బెజవాడ_హార్ప్
పాతరీడు గారు చెప్పింది కరెక్టే కానీ కుర్రాడికి ఫిజిక్స్ కాదు కావలసింది, నాలుక ఎక్కడ పెట్టాలో కావాలి. నోరు "ఈ" ఆకారంలో మొదలుపెట్టి "ఊ" వైపు తీసుకెళ్లు. నాలుక మధ్యభాగం పైకి లేచి వెనక్కి జరుగుతుంది, కొస కిందికి పోతుంది. పూర్తి "ఊ" అయితే అడుగు. "ఈ" దాటిన వెంటనే ఆగితే బి ఫ్లాట్. కొబ్బరిబొండాంలో స్ట్రా వేసి అడుగున ఉన్న నీళ్లు లాగేటప్పుడు బుగ్గలు ఎలా బిగుస్తాయో అలా మాత్రం లాగకు. బలం అక్కర్లేదు. బలంగా లాగేవాళ్ల రీడ్లే ముందు పోతాయి, నా దగ్గర 4 డ్రా, 5 డ్రా పోయిన హార్ప్‌లు ఒక డబ్బాడు ఉన్నాయి.

సరిగమ_సుబ్బు
నాలుక సంగతి మీరు చూసుకోండి. నేను చెవి సంగతి చెప్తా. వీణ నేర్చుకున్నవాణ్ణి, మౌత్ ఆర్గాన్ ఆలస్యంగా పట్టుకున్నా.

జి ని షడ్జమం అనుకోండి. ఈ స్కేల్ స, గ2, మ1, మ2, ప, ని2, స. సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. ప్రతి మధ్యమం తీసేస్తే అచ్చంగా మన శుద్ధ ధన్యాసి స్వరాలు. కాబట్టి ఫోన్లో తంబురా యాప్ పెట్టి శ్రుతి జి కి సెట్ చేయండి. మౌత్ ఆర్గాన్ పక్కన పెట్టి స గ2 మ1 ప ని2 స నోటితో పాడండి. గాంధారం గొంతులో నిలబడ్డాకే 3 డ్రా ముట్టుకోండి. గొంతుకి తెలియని స్వరం కోసం నాలుక ఎంత వెతికినా దొరకదు.

సి_కీ_కుర్రాడు
@సరిగమ_సుబ్బు సంగీతం రానివాడి సంగతేంటి సార్? నేను బాత్రూమ్ సింగర్ని కూడా కాదు.

సరిగమ_సుబ్బు
గాంధారం పాడడానికి సంగీతం రానక్కర్లేదు. కీబోర్డ్ యాప్‌లో జి నొక్కి, తర్వాత బి ఫ్లాట్ నొక్కి, ఆ రెండూ హమ్ చేయి. అదే సంగీతం.

చికాగో_శీను
సుబ్బు గారి శ్రుతి ఐడియా బ్రహ్మాండం. కానీ "శుద్ధ ధన్యాసి ప్లస్ ప్రతి మధ్యమం" అనేసరికి నాకు కొంచెం గుచ్చుకుంది.

మొదటిది, బ్లూస్‌లో ఆ గాంధారం బి ఫ్లాట్ మీద కుదురుగా కూర్చోదు. బి కీ బి ఫ్లాట్ కీ మధ్య ఎక్కడో తిరుగుతుంది. ఒక్కోసారి బి దాకా వెళ్లొస్తుంది. పియానోలో ఆ స్థానమే లేదు కాబట్టి పియానోవాళ్లు రెండు మీటలూ కలిపి నొక్కుతారు, గిటారువాళ్లు తీగ లాగుతారు, మనం రీడ్ వంచుతాం. కాబట్టి ట్యూనర్ ముల్లు సరిగ్గా మధ్యలో నిలబెట్టడమే లక్ష్యం అనుకుంటే స్కేల్ వస్తుంది, బ్లూస్ రాదు.

రెండోది, రాగానికి కింద శ్రుతి కదలదు. బ్లూస్‌లో కింద నేల కదులుతుంది. పన్నెండు బార్లు (తాళం ఆవర్తాల్లాంటివి), ఒక్కోదాని కింద ఒక కార్డ్, అంటే కలిపి మోగే స్వరాల గుంపు: మొదటి నాలుగు జి, తర్వాత రెండు సి, మళ్లీ రెండు జి, ఆపై ఒకటి డి, ఒకటి సి, చివరి రెండు జి (ఆఖరి బార్లో మొదటికి తిప్పడానికి డి వేస్తారు). అదే బి ఫ్లాట్ జి కార్డ్ మీద గొడవ పెడుతుంది, సి కార్డ్ మీదికి రాగానే ఇంటి మనిషి అయిపోతుంది, ఎందుకంటే సి సెవెన్త్ కార్డ్‌లో అది ఉండనే ఉంది. ఈ తేడా వినకుండా స్కేల్ని పైకీ కిందికీ వాయిస్తూ పోతే అలంకారాలు వాయించినట్టే ఉంటుంది.

సరిగమ_సుబ్బు
గాంధారం కదులుతుందని నాకు చెప్తున్నారా శీనూ! మా దగ్గర ఒక్క సాధారణ గాంధారమే రాగానికొక రకంగా ఊగుతుంది. నిలబెట్టడం వచ్చినవాడికే ఊపడం వస్తుంది. ముందు కుర్రాడికి నిలబెట్టడం రానివ్వండి.

కార్డుల మాట ఒప్పుకుంటున్నా. అలంకారాలని తిట్టడం మాత్రం ఒప్పుకోను.

మూడో_పొజిషన్
ఇంత గోల ఎందుకు, 3 డ్రా వదిలేయండి. అదే సి హార్ప్ మీద డి బ్లూస్ వాయించండి: 4 డ్రా, 5 డ్రా, 6 బ్లో, 6 డ్రా బెండ్, 6 డ్రా, 7 బ్లో, 8 డ్రా. మొత్తానికి ఒకే ఒక్క బెండ్, అదీ గోడ తగిలే రకం (6 లో జి, ఎ మధ్య ఎ ఫ్లాట్ ఒక్కటే). బ్లూస్ స్కేల్ ఇరవై నిమిషాల్లో వచ్చేస్తుంది.

సి_కీ_కుర్రాడు
@మూడో_పొజిషన్ ఇప్పుడే ట్రై చేశా. నిజంగానే వచ్చేసింది! మరి అందరూ ఆ 2 డ్రా నుంచే ఎందుకు నేర్పుతారు?

చికాగో_శీను
ఎందుకంటే రుచి అక్కడుంది. మూడో పొజిషన్ (సి హార్ప్ మీద డి లో వాయించడం) మంచిదే, బ్లూస్ హార్ప్ దిగ్గజం లిటిల్ వాల్టర్ క్రోమాటిక్ హార్మోనికా (బటన్ నొక్కి అన్ని స్వరాలూ పలికించేది) మీద అలాగే వాయించేవాడు. కానీ అది మైనర్ రంగు, కొంచెం గంభీరం. రెండో పొజిషన్‌లో (అదే హార్ప్ మీద జి లో) 2, 3, 4 డ్రా కలిపి పీలిస్తే నిండుగా జి కార్డ్. అంటే ఇంటి కార్డ్ పీల్పులో ఉంది, బెండ్లు కూడా పీల్పులోనే ఉన్నాయి. రెండూ ఒకే చోట దొరకడం వల్లే ఆ ఏడుపు గొంతు వస్తుంది.

ఇందులో చరిత్ర కూడా ఉంది. ఈ ట్యూనింగ్ జర్మన్ జానపద పాటల కోసం చేసింది. ఊదితే సి కార్డ్, పీలిస్తే జి సెవెన్త్, పాట సి లో. మథియాస్ హోనర్ జర్మనీలోని ట్రాసింగెన్‌లో 1857లో మౌత్ ఆర్గాన్ల తయారీ మొదలుపెట్టాడు, ఆ కంపెనీ మెరైన్ బ్యాండ్ మోడల్ 1896లో వచ్చింది. చవక, జేబులో పడుతుంది. అమెరికా దక్షిణాది నల్లవాళ్ల చేతికొచ్చాక పీల్పునే ఇల్లు చేసుకుని తిరగేసి వాయించారు. తయారుచేసినవాళ్లు పెట్టని స్వరాలు బెండ్లతో రాబట్టారు. ఈ రెండో పొజిషన్‌ని క్రాస్ హార్ప్ అనేది అందుకే.

రాత్రిపూట_రాంబాబు
మా ఇంట్లో కూడా చరిత్రే. నేను బెండ్ మొదలుపెట్టగానే మా ఆవిడ పాలవాడికి డబ్బులు, కరెంట్ బిల్లు, పిల్లాడి ట్యూషన్ ఫీజు అన్నీ గుర్తుచేస్తుంది. బ్లూస్‌కి కావలసిన సరుకు అలా దొరుకుతోంది.

అత్తిలి_అమ్మాయి
నాకో డౌట్. నా మౌత్ ఆర్గాన్‌లో పైన కింద రెండు వరుసల రంధ్రాలున్నాయి, ఒక్కో వరుసలో 24. మీరు చెప్పే 4 డ్రా ఎక్కడుందో తెలియట్లేదు. వాయిస్తే స్వరం అలలా వణుకుతుంది. బెండ్ అస్సలు రాదు.

పాతరీడు
అది ట్రెమలో అమ్మా. మన ఊళ్లలో మౌత్ ఆర్గాన్ అంటే షాపులో తీసిచ్చేది ఎక్కువగా అదే. ఒకే స్వరానికి రెండు రీడ్లు కాస్త తేడాగా ట్యూన్ చేసి పెడతారు, ఆ వణుకు అందుకు. అందులో బ్లో రీడ్ ఒక గదిలో, డ్రా రీడ్ ఇంకో గదిలో ఉంటాయి. రెండూ ఒకే గదిలో ఉంటేనే నేను పైన చెప్పిన బెండ్ జరుగుతుంది. కాబట్టి తప్పు నీది కాదు, వాయిద్యానిదీ కాదు. సినిమా పాటలకి అది బంగారం. బ్లూస్‌కి పది రంధ్రాలది వేరే కొనుక్కోవాలి.

అత్తిలి_అమ్మాయి
థాంక్యూ సార్. యూట్యూబ్‌లో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. పది రంధ్రాలది కొంటే ఏ కీ కొనాలి?

బెజవాడ_హార్ప్
సి కొను. పాఠాలన్నీ సి మీదే ఉంటాయి.

మూడో_పొజిషన్
ఎ కొనండి. సి కన్నా రీడ్లు పొడుగు, స్వరం కింద ఉంటుంది, బెండ్ మెత్తగా వస్తుంది.

బెజవాడ_హార్ప్
ఎ కొంటే పాఠంలో వాయించేది ఒకటి, ఆమెకి వినిపించేది ఒకటి. బిగినర్‌ని కంగారు పెట్టకండి.

చికాగో_శీను
ఎ హార్ప్ అంటే క్రాస్‌లో ఇ కీ. లిటిల్ వాల్టర్ 1952లో రికార్డ్ చేసిన "జూక్" దాని మీదే. ఆ రికార్డు కోసమైనా ఎ ఉండాలి. కానీ మొదటిది మాత్రం సి, ఈ విషయంలో బెజవాడ వైపే నేను.

ఓవర్‌బ్లో_ఒంగోలు
ఎవరూ పై ఆక్టేవ్ ఎత్తడం లేదు. 6 బ్లో నుంచి పైకి జి బ్లూస్ స్కేల్ పూర్తిగా కావాలంటే బి ఫ్లాట్‌కి 6 ఓవర్‌బ్లో, డి ఫ్లాట్‌కి 7 ఓవర్‌డ్రా కావాలి (ప్రత్యేకంగా ఊదిగానీ పీల్చిగానీ ఆ రంధ్రంలో లేని పై స్వరం రాబట్టడం). అమెరికన్ హార్ప్ వాద్యకారుడు హోవర్డ్ లెవీ వాయించింది వినండి, పది రంధ్రాల మీద పన్నెండు స్వరాలూ పలుకుతాయి.

పాతరీడు
3 డ్రా దగ్గర ఏడుస్తున్నవాడికి ఓవర్‌బ్లో చెప్తున్నావా ఒంగోలూ. పైగా మామూలు హార్ప్‌లో రీడ్ గ్యాపులు సరిచేస్తే తప్ప 6 ఓవర్‌బ్లో సరిగ్గా పలకదు, 7 ఓవర్‌డ్రా సంగతి చెప్పనే అక్కర్లేదు. పైన అవసరమైతే 8, 9, 10 బ్లో బెండ్లు ఉన్నాయి, స్కేల్ పూర్తవకపోయినా బ్లూస్ పలుకుతుంది. దానికన్నా ముందు కింది ఆక్టేవ్ పూర్తిచేయాలి. 1 బ్లో సి, 1 డ్రా బెండ్ డి ఫ్లాట్, 1 డ్రా డి, 2 డ్రా పూర్తి బెండ్ ఎఫ్, ఆపైన 2 డ్రా జి. అక్కడ ఒక్క ఓవర్‌బ్లో కూడా అక్కర్లేదు.

ఓవర్‌బ్లో_ఒంగోలు
సమాచారం కోసం చెప్పా సార్, కొట్టకండి.

నల్లకుంట_నాని
కవర్ విప్పి చూశా. 3లో డ్రా రీడ్ని వేలితో ఆపి పీలిస్తే నిజంగానే సన్నగా ఎ ఫ్లాట్ పలుకుతోంది! పాతరీడు గారికి దండం. కాకపోతే తిరిగి బిగించేటప్పుడు ఒక మేకు కనబడట్లేదు. మా పాప ఏమైనా...

రాత్రిపూట_రాంబాబు
ముందు పాపని చూడండి, తర్వాత హార్ప్.

నల్లకుంట_నాని
సోఫా కింద దొరికింది. పాప సేఫ్.

సి_కీ_కుర్రాడు
సుబ్బు గారు చెప్పినట్టు తంబురా పెట్టుకుని కూర్చున్నా. పైకి వెళ్లేటప్పుడు కన్నా దిగేటప్పుడు బాగుంది: 4 బ్లో నుంచి 3 బెండ్‌కి, అక్కడి నుంచి 2 డ్రాకి. పైకి మాత్రం ముందు కొంచెం బి వినిపించి తర్వాత ఒంగుతోంది. "య్యావ్" అని పిల్లి అరిచినట్టు.

బెజవాడ_హార్ప్
ఆ య్యావ్ కూడా బ్లూస్‌లో సరుకే, పారేయకు. కానీ అడిగినప్పుడు రావాలి, అడగనప్పుడు రాకూడదు. గాలి తీసుకోక ముందే నాలుక బి ఫ్లాట్ స్థానంలో పెట్టు, తర్వాత పీల్చు. మొదట్లో స్వరం రాదు, ఉత్త గాలి వస్తుంది. బలం పెంచకు, నాలుకని బియ్యపు గింజంత జరుపు, మళ్లీ పీల్చు. దొరికాక నాలుగు లెక్కపెట్టేంత సేపు పట్టి ఉంచు.

సరిగమ_సుబ్బు
ఇంకోటి. 3 డ్రాని బి, బి ఫ్లాట్, ఎ, ఎ ఫ్లాట్ అని నాలుగు మెట్లుగా దింపి, మళ్లీ అవే నాలుగు మెట్లు ఎక్కు. శ్రుతి పక్కన మోగుతుండగా చేయి. ఎ ఫ్లాట్ దగ్గర గోడ ఉంది కాబట్టి అక్కడి నుంచి పైకి లెక్క పెట్టడం సులువు.

చికాగో_శీను
ఆ మెట్లు వారానికి మించి చేయకు బాబూ. జి లో నెమ్మదిగా నడిచే బ్యాకింగ్ ట్రాక్ పెట్టు. మొదటి రెండు బార్లలో మూడే స్వరాలు వాయించు: 2 డ్రా, 3 బెండ్, 4 బ్లో. తర్వాత రెండు బార్లు నోరు మూసుకుని విను. సి కార్డ్ వచ్చాక అవే మూడు మళ్లీ వాయించు. ఈ అడగడం, ఆగడం, మళ్లీ అడగడమే అసలు పని. ఇక్కడ చికాగోలో జూన్‌లో బ్లూస్ ఫెస్టివల్ జరుగుతుంది, మిలీనియం పార్కులో, టికెట్ లేదు. స్టేజీ మీద పెద్ద పెద్దవాళ్లు కూడా మూడు స్వరాలతో జనాన్ని ఊపేయడం చూశా. స్కేల్ మొత్తం ఒక్క గుక్కలో వాయించినవాణ్ణి ఇంతవరకు చూళ్లేదు.

సరిగమ_సుబ్బు
వారం చాలదు శీనూ. స్వరం తడబడే వాడికి బ్యాకింగ్ ట్రాక్ ఇస్తే డ్రమ్స్ చప్పుడులో తప్పులన్నీ కప్పుకుంటాడు.

చికాగో_శీను
మీరు మీ శిష్యుల్ని సరళీ వరసల్లో ఎన్నేళ్లు ఉంచుతారో నాకు తెలుసు లెండి 😄

మోడరేటర్
మంచి చర్చ, గురువుల మీదికి పోకుండా చూసుకోండి. పాత హార్ప్‌లు అమ్ముతామంటూ పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. వాడిన మౌత్ ఆర్గాన్ కొనాలని ఎవరికి అనిపిస్తుందో నాకైతే అర్థం కాలేదు.

సి_కీ_కుర్రాడు
సుబ్బు గారు పొద్దున, శీను గారు సాయంత్రం. అలా పంచుకున్నా, ఇద్దరూ కోప్పడకండి. ఇంకొక్క డౌట్, ట్యూనర్‌లో నా స్వరాలు దాదాపు అన్నీ కొంచెం పైకి చూపిస్తున్నాయి, 5 డ్రా ఎఫ్ ఒక్కటే మిగతావాటి కన్నా కిందకుంది. ఇదైనా డిఫెక్టేనా?

పాతరీడు
మళ్లీ కాదు. చాలా కంపెనీలు ఎ ని 440 హెర్ట్జ్ దగ్గర కాకుండా 442 చుట్టుపక్కల ట్యూన్ చేస్తాయి, ఊదితే స్వరం కాస్త దిగుతుంది కాబట్టి. 5 డ్రా తగ్గడం కావాలని చేసిందే. కార్డ్ వాయించినప్పుడు రీడ్లు కొట్టుకోకుండా మెత్తగా కలవాలని కొన్ని స్వరాలు దించుతారు. పాత మెరైన్ బ్యాండ్లలో 5 డ్రా ఇంకా బాగా తక్కువ. లీ ఆస్కార్ బ్రాండ్ హార్ప్‌ల లాంటివి పియానో లెక్కకి ట్యూన్ చేస్తారు, ఒంటి స్వరాలు శుభ్రం, కార్డ్ కొంచెం గరుకు.

సరిగమ_సుబ్బు
అంటే కైశికి నిషాదాన్ని కంపెనీవాడే ఒక శ్రుతి దించి ఇస్తున్నాడన్నమాట. ఇది నాకు నచ్చింది. ఏ మోడల్ కొంటే ఆ దించిన 5 డ్రా వస్తుంది?

పాతరీడు
ఇప్పటి మెరైన్ బ్యాండ్‌లో మధ్యస్థంగా ఉంటుంది. పాతకాలం నాటి అంత దింపు కావాలంటే మీరే రీడ్ గీకాలి. కొస దగ్గర గీకితే స్వరం పైకి, మొదలు దగ్గర గీకితే కిందికి. కొత్త హార్ప్ మీద మాత్రం మొదలెట్టకండి.

బెజవాడ_హార్ప్
నా డబ్బాలో చచ్చినవి ఉన్నాయన్నాగా, సుబ్బు గారూ. గీకుడు ప్రాక్టీసుకి రెండు పంపిస్తా. కొరియర్ ఖర్చు మీదే.

మోడరేటర్
ఇది అమ్మకం కిందికి రాదు. ఉంచుతున్నా.